వత్తు పెట్టిన మాట

మొఘల్‌పురా, హైదరాబాద్
20 ఆగస్టు 2024

చెల్లె రాజమణికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. అయిపోయిన సంగతి, మనిషి లేచి తిరుగుతోంది, ఇప్పుడు రాసి నీకు లేని ఫికర్ తెచ్చిపెట్టడం ఎందుకని కాగితం తీసి మళ్లీ సొరుగులో పెట్టాను. మీ వదినె విమల చూసింది. "నువ్వు రాయకుంటె ఫోన్ల నేనే చెప్త. అప్పుడు మా అన్న నాకెందుకు చెప్పలేదని నీతోని లొల్లి పెట్టుకుంటది, జూస్కో" అంది. అంది అంటే అరిచింది. నా చెవులు పోయిన ఈ ఎనిమిదేళ్లుగా నాతో అరిచి అరిచి ఆమె గొంతు కూరగాయల బండివాడి గొంతయింది. ఫోను నాకు పనికిరాని వస్తువని నీకు తెలిసిందే. నువ్వు నాలుగు మాటలంటే మీ వదినె వడకట్టి నాకొకటి చేరవేస్తుంది. కాబట్టి మనిద్దరికీ పోస్టు డబ్బానే గతి.

సంగతేమిటంటే, నువ్వు లాల్ దర్వాజా బోనాలకు వచ్చి వెళ్లిన వారం పది రోజులకు విమలకు కడుపులో మెలిపెట్టడం మొదలైంది. తర్వాత బంక విరేచనాలు, ఆ తర్వాత రక్తం. ఇక్కడివాళ్లు పేచిష్ అంటారు. రోజుకు పన్నెండు సార్లు. దానిమ్మ తొక్క కషాయమని ఒకరు, పెరుగులో మెంతులని ఒకరు. అన్నీ అయ్యాక డాక్టర్ సాజిదా గారి దవాఖానాకు తీసుకుపోయాను. పరీక్ష చేయిస్తే అమీబా అని తేలింది.

ఆ పేరు వినగానే, అంటే చదవగానే, నాకు పాత చుట్టం కనిపించినట్టయింది. చాలా ఏళ్ల కింద ఒక కాలేజీ వాళ్లు జంతుశాస్త్రం పుస్తకాలు అరవై బైండింగుకు ఇచ్చారు. కుట్టేటప్పుడు నాకు దొరికింది దొరికినట్టు చదవడం అలవాటు కదా, నా చదువంతా అదే. పార్టీ వచ్చి పట్టుకుపోయే లోపల ఎంత చదివితే అంత. అందుకే నాకు మొగలాయీల చరిత్ర ఔరంగజేబు దాకా తెలుసు, తర్వాత ఏమైందో తెలియదు. ఆ జంతుశాస్త్రంలో మొదటి బొమ్మ అమీబాది. దానికి ఆకారం లేదట. ఎటు పోవాలంటే అటు ఒక కాలు పుట్టించుకుని జరుగుతుందట. ఇంత అమాయకమైన ప్రాణి ఉంటుందా అనుకున్నాను. అది మా ఇంట్లోనే, మా ఆమె పేగుల్లోనే కాపురం పెడుతుందని ఆ పుస్తకంలో రాయలేదు. రాశారేమో, ఆ పేజీ కుట్టేనాటికి పార్టీ వచ్చి ఉంటుంది.

బోనాల రోజు చెరకు రసం మనం ముగ్గురం తాగాం. అందులో వేసిన మంచుగడ్డ మీదే నా అనుమానం. నాకేమీ కాలేదు. యాభై ఏళ్లు మైదా జిగురు పీల్చిన పేగులు, అతుక్కుపోయి ఉంటాయి.

మందులు తేవడానికి నేనొక్కడినే పోయాను, విమల మంచం దిగలేకపోయింది. డాక్టరమ్మ చాలాసేపు చెప్పింది. మూతికి మాస్కు. పెదవులు కనపడితే నేను సగం పోల్చుకుంటాను, మాస్కు ఉంటే గోడతో మాట్లాడినట్టే. బయట ఇరవై మంది ఉన్నారు, మళ్లీ అడగడం నామోషీ అనిపించి తల ఊపాను. కంపౌండర్ దస్తగీర్ ఎలాగూ కవర్ల మీద రాస్తాడు కదా. ఆయన ఉర్దూ బడిలో చదివినవాడు. తెలుగు పేషెంట్ల కోసమని యాభయ్యో ఏట మా గల్లీలోనే కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. నేర్పించింది నేనే. ఒంట్లో ఉన్న ఓపికంతా వత్తుల దగ్గరే అయిపోయింది. ‘భాయ్, ద కు ధ కు ఫరక్ ఏంది, రెండు ఒక్కతీరుగనే ఉన్నయ్’ అనేవాడు.

రెండు కవర్లు ఇచ్చాడు. మొదటిది మెట్రోనిడజోల్, పూటకు రెండు, ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ విమల నోట్లో రాగిపైసా పెట్టుకున్నట్టుందని ఏది పెట్టినా ఉమ్మేసింది. కానీ నాలుగో రోజుకే రక్తం ఆగింది. ఏడో రోజుకు పప్పుచారు అడిగింది. రెండో కవరు మీద ‘బాద్’ అని ఉంది. చూశావా, మళ్లీ వత్తు మింగేశాడు! పొల్లు కొట్టేసి, ద కింద గీత పెట్టి ‘బాధ’ అని దిద్దాను. నేర్పినవాడి బాధ్యత కదా. బాధ ఉంటే వేసుకునే మందు అది. బాధ లేదు కాబట్టి విప్పకుండానే అలమరలో పెట్టాను.

ఆగయ్య బావను అడిగినట్టు చెప్పు. ఆ మరమగ్గాల చప్పుడుకు ఆయనా త్వరలో నా చెవిటి జట్టులో చేరతాడు.

నీ అన్న
వైకుంఠం

*

సిరిసిల్ల
29 ఆగస్టు 2024

అన్నా,

దండాలు. వదినెకు తగ్గిందని చదివి ఊపిరి పీల్చుకున్నాను. నన్ను భయపెట్టొద్దని రాయొద్దనుకున్నావట, రాసేసరికి అమీబా కాళ్ల దగ్గర్నుంచి ఔరంగజేబు దాకా రాశావు. నాకు కావలసింది ఒక్క లైను, అది నాలుగో పేజీలో దొరికింది.

ఇప్పుడు నేను చెప్పేది వదినెకు ఫోనులో చెప్పలేదు. నాకూ అదే ఉంది. పది రోజులైంది. బంక, మెలిపెట్టడం, మొన్నటి నుంచి ఎర్రగా కూడా. ఈయన చూసి "దవాఖానకు నడువ్" అంటాడు. నేను పోను. పోతే పరీక్షకని ముందు డబ్బా చేతిలో పెడతారు. మన వాడలో అందరికీ తెలిసిన ల్యాబు. ఆ డబ్బా కొంగు కింద పట్టుకుని బజారు మధ్య నుంచి నడవాలా? "డబ్బల ఏం తీస్కపోతున్నవ్ వదినె, చట్నీ నా" అని ఎవతో ఒకతె అడగనే అడుగుతుంది.

వదినెకు ఏ మందు ఇచ్చారో పేరు సరిగ్గా రాయి. మెడికల్ షాపులో కొనుక్కుంటాను. ఒకే నీళ్లు, ఒకే మంచు, ఒకే రోగం కదా. మందు మాత్రం వేరే ఎందుకుంటుంది?

నీ చెల్లె
రాజమణి

*

మొఘల్‌పురా
3 సెప్టెంబర్ 2024

రాజమణీ,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చట్నీ మాట విమలకు చదివి వినిపిస్తే కడుపు పట్టుకుని నవ్వింది. ఇప్పుడామె కడుపు పట్టుకుంటే నవ్వుకే పట్టుకుంటుంది, అంత బాగుంది.

మందు కొనే పని లేదు. విమల మొదటి కవరులో ఒక్కటీ మిగల్లేదు గానీ, రెండో కవరు అట్లాగే ఉంది. ముప్పై గోళీలు. డైలాక్సనైడ్ అని ఏదో నాలుక తిరగని పేరు. మీ షాపుల్లో దొరుకుతుందో లేదో. అందుకే ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. రెండు అట్టముక్కల మధ్య పెట్టి, చుట్టూ బైండింగుకు వాడే కాలికో గుడ్డ అతికించాను, తపాలా వాళ్లు బండరాయి వేసినా నలగదు. నా జీవితంలో గోళీలకు బైండింగు చేయడం ఇదే మొదలు.

కవరు మీద నేను దిద్దిన మాట ఉంది చూడు, బాధ. అదే వాడే పద్ధతి. మెలిపెట్టినప్పుడు ఒకటి వేసుకో. పక్కన 1-1-1 అని ఉంది, అంటే రోజుకు మూడు దాటొద్దని. నొప్పి లేని రోజు ముట్టుకోకు, ఊరికే మందులు మింగడం మంచిది కాదు.

విమల మాత్రం నస పెడుతూనే ఉంది. "డాక్టరమ్మను ఒక మాట అడిగి పంపరాదు? రాజమణికి చక్కెర లేదు, నాకున్నది. నాకిచ్చింది ఆమెకు పడ్తదో లేదో." అడగడానికి పోతే మళ్లీ ఆ మాస్కు, ఆ ఇరవై మంది, మళ్లీ నేను తల ఊపడం. చక్కెర లేనివాళ్లకు ఇంకా బాగా పనిచేస్తుందని చెప్పి నోరు మూయించాను. అది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చెప్పేటప్పుడు మాత్రం చదివినట్టే అనిపించింది.

నయం కాగానే రాయి. పోస్టు మనిషి కోసం గడప మీదే కూర్చుంటాను.

నీ అన్న
వైకుంఠం

*

సిరిసిల్ల
20 సెప్టెంబర్ 2024

అన్నా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నీ మందు అందింది, ఆ అట్టలు విప్పడానికి ఈయన కత్తెర రెండు సార్లు నూరాడు. మందు అమృతంలాగా పనిచేసింది. ఇప్పుడు ఏ నొప్పీ లేదు. రెండు పూటలా అన్నం తింటున్నాను. నువ్వు ఇక నా గురించి ఆలోచించకు.

చేతిరాత వంకరగా ఉందంటావేమో, పడుకుని రాస్తున్నాను. బద్ధకం.

వదినె ఎట్లా ఉంది? ఆకలి బాగుందా? జ్వరం గిట్ల ఏమీ రాలేదు కదా? ఊరికే అడుగుతున్నాను. ఒకసారి ఆమెను డాక్టరమ్మకు చూపించి రారాదూ, పని ఎట్లా ఉన్నా.

నీ చెల్లె
రాజమణి

*

మొఘల్‌పురా
6 అక్టోబర్ 2024

రాజమణీ,

నీకు తగ్గిందని తెలిసిన రోజు నేను గల్లీ మొదలు దాకా పోయి జిలేబీ తెచ్చాను. నువ్వు తినలేదని మేము తినకూడదా? ఒక డాక్టరమ్మ ఇచ్చిన ఒక చీటీతో ఇద్దరు ఆడవాళ్లను బాగుచేశాను. ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలి? దస్తగీర్ దారిలో కలిశాడు. పెదవులు చూస్తూనే ఉన్నాను గానీ ఫలక్‌నుమా బస్సు అడ్డమొచ్చింది. చివర ‘ఖతమ్?’ అని అడిగాడు, అది ఒక్కటే అందింది. "ఖతమ్ భాయ్, మస్తు పనిచేసింది" అన్నాను. సంతోషించాడు. చేయి పట్టుకుని ఊపాడు. వత్తు సంగతి ఎత్తుదామనుకున్నాను, ముసలాయన నొచ్చుకుంటాడని ఊరుకున్నాను.

విమలను చూపించమన్నావు. ఎందుకు చూపించాలి చెప్పు? కడుపు సుబ్బరంగా ఉంది. రోజుకు ఒక్కసారే. రక్తం లేదు, బంక లేదు. ఇప్పుడు బాధ వేరే చోట. కుడి భుజం. పై భాగాన, మెడ దగ్గర. ఈ నెలంతా బడి రిజిస్టర్ల పని ఎక్కువై, నేను కుడుతుంటే ఆమె అట్టలకు జిగురు రాసింది. ఒక్క భుజంతో మూడు వందల అట్టలు. భుజం ఏమనదు? బామ్ రాస్తున్నాను, ఇసుక మూట కాస్తున్నాను. "నీ చేతులు గరుకు కాగితమోలె ఉన్నయ్, రాసుడు కాదు, తోముడు" అంటుంది. ఊపిరి గట్టిగా పీలిస్తే పక్కటెముకల కింద పట్టేస్తుందట. అదీ వంగి కూర్చున్నందుకే. సాయంత్రం పూట కాస్త వెచ్చబడుతుంది, చలి అంటుంది. వర్షాకాలం పోతూ పోతూ అందరికీ పెట్టిపోయే జలుబు. అన్నం సగంలో లేస్తుంది, అది నా వంట మీద అలక. ఈ వారం నేనే వండుతున్నాను మరి.

బతుకమ్మకు పక్కింటి వాళ్లు పిలిస్తే పోయింది. చప్పట్లు కొట్టలేక కూర్చునే చూసిందట.

భుజం నొప్పికి మీ దగ్గర ఏదైనా నూనె ఉంటే పంపు. సిరిసిల్లలో మగ్గం పనివాళ్లు వాడేది ఒకటి ఉండేది, పేరు మరిచాను.

నీ అన్న
వైకుంఠం

*

సిరిసిల్ల
12 అక్టోబర్ 2024, దసరా

అన్నా,

నిన్న పక్కింట్లో ఇచ్చిపోయిన నీ ఉత్తరం ఇవాళ పండుగ పూట చేతికొచ్చింది. నూనె పంపడం లేదు. వదినెను వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో. భుజం నొప్పి అని మాత్రమే చెప్పకు. ఆగస్టులో వచ్చిన జబ్బు చెప్పు, జ్వరం చెప్పు, ఏ మందు వేసింది, ఏ మందు వేయలేదు, ఒక్కొక్కటే చెప్పు. నీకు వినపడకపోతే కాగితం మీద రాయించుకో. సిగ్గుపడకు.

ఎందుకని అడగకు. వదినెతో కూడా ఇప్పుడే ఫోనులో మాట్లాడాను, రేపు పోతానంది.

రాజమణి

*

మొఘల్‌పురా
6 నవంబర్ 2024

రాజమణీ,

నువ్వు వెళ్లి వారం దాటింది. పదకొండో రోజు దాకా ఇల్లంతా మనుషులు, నాతో అందరూ చేతులతోనే మాట్లాడారు. విమల పోయిందని చేతులతో ఎట్లా చెబుతారో చూశాను. పైకి చూపిస్తారు. నువ్వు మాత్రం ఏమీ చూపించలేదు, నా కళ్లలోకి కూడా చూడలేదు. అది ఏడుపనుకున్నాను.

నీ దసరా ఉత్తరం పదహారున వచ్చిందట. అప్పటికి మేము ఆసుపత్రిలో ఉన్నాం. పక్కింటివాళ్లు తలుపు సందులోంచి లోపలికి తోశారు. అన్నీ అయ్యాక చీపురు పట్టుకుంటే గడప దగ్గరి పట్టా కింద దొరికింది.

అక్కడ ఏం జరిగిందో నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. పదమూడున పోదామంది, ఆదివారమని మూసి ఉంది. పద్నాలుగున కొంచెం తేలిగ్గా ఉందని లేచి ఇల్లు అలికింది. పదిహేనున తెల్లవారి పొట్ట బిగుసుకుపోయింది, నా చేయి తగలనివ్వలేదు. డాక్టర్ సాజిదా చూసిన వెంటనే తన కారులోనే పెద్దాసుపత్రికి పంపింది. ఫోటోలు తీశారు. కాలేయంలో చీము. ఒక పెద్ద నిమ్మకాయంత సంచి, అది పగిలింది. సూది పెట్టి తీశారు, కోసి కడిగారు. మూడు రోజులు.

రెండో రోజు విమల మెలకువగా ఉంది. గొట్టాల మధ్యలోంచి పెదవులు ఆడించింది, అవి నేను బాగానే చదువుతాను. "రిజిస్టర్లు ఇచ్చినవా?" అంది. ఇచ్చానన్నాను. ఇవ్వలేదు. అదే ఆఖరి మాట.

అక్కడి డాక్టరమ్మ నా చెవుల సంగతి కనిపెట్టి కాగితం మీద రాసి అడిగింది. ‘ఆగస్టులో మొదటి మందు అయ్యాక రెండో మందు పది రోజులు వాడారా?’ దాని కింద నేను రాశాను. ‘నొప్పి తగ్గింది కాబట్టి వాడలేదు.’ ఆమె చదివింది. కాగితం నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది. ఏదైనా రాస్తే బాగుండేది.

అప్పటి నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఆ రెండో మందు విమలకు అంత అవసరమైనదే అయితే, నేను తీసి నీకు పంపాను కదా. సరే, తప్పు నాదే. కానీ అది ఒక్కటే వేసుకుని నీకు నయమైంది కదా? ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాను. ఒకరిది తీసి ఇంకొకరికి పెట్టాను, కనీసం ఒకరు దక్కారు అనుకుంటున్నాను.

ఆ కవరు ఉంటే పంపు. దస్తగీర్ ఏం రాశాడో మళ్లీ ఒకసారి చూడాలి. నిజం రాయి.

వైకుంఠం

*

సిరిసిల్ల
15 నవంబర్ 2024

అన్నా,

కవరు ఇందులో పెట్టాను. చూసే ముందు ఇది చదువు.

నీ మందు నాకు పనిచేయలేదు. నువ్వు చెప్పినట్టే నొప్పి వచ్చినప్పుడల్లా వేసుకున్నాను. సెప్టెంబర్ పదమూడో తారీఖున బాత్రూం దగ్గర పడిపోయాను. ఈయన ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. తొమ్మిది రోజులు ఉన్నాను. మందు అమృతంలాగా పనిచేసిందని నేను రాసిన ఉత్తరం, ఆ మంచం మీద రాసిందే. బద్ధకం కాదు, చేతికి సెలైన్ సూది ఉంది.

అక్కడ నిఖిలేష్ అని చిన్న డాక్టరు. ఏం మందు వేసుకున్నావమ్మా అంటే ఈ కవరు చూపించాను. అటూ ఇటూ తిప్పి, "ఇది రెండో మందు గదమ్మా. మొదటిదేది?" అన్నాడు. మొదటిది మా వదినె వేసుకుందన్నాను. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పురుగు పేగు గోడను తొలుచుకొని లోపలికి పోతది. గోడల ఉన్న వాటిని మొదటి మందు చంపుతది. గోడ బయట పేగు మధ్యల కొన్ని పెంకు కట్టుకొని కూసుంటయ్. వాటికి నొప్పి లేదు, రక్తం లేదు, మనిషికి తెల్వనే తెల్వది. వాటికోసమే ఈ రెండోది. నీకు ఇది ఒక్కటే ఇస్తే గోడల ఉన్నయి ఎట్ల చస్తయ్? ఆమెకు అది ఒక్కటే ఇస్తే ఇవి ఎట్ల పోతయ్? ఒక్క మందును ఇద్దరు పంచుకున్నరు మీరు."

ఆ తర్వాత కవరు మీద వేలు పెట్టి అడిగాడు, "ఇక్కడ రెండు సిరాలెందుకున్నయ్?" అని. అక్షరాలు నీలం. కింద గీత నలుపు. పక్క మంచం మీదున్న తురకామె తొంగి చూసి, నీలం సిరాది మాత్రం తన మనవరాలితో చదివించుకుని చెప్పింది. "బాద్. బాద్ మే. అంటే తర్వాత అమ్మా." అరవై ఏళ్లుగా ఆ గల్లీల్లో ఉన్నావు అన్నా. ఆ మాట నీకు తెలియదా?

నేను ఆ రోజే నీకు రాయాల్సింది. రాయలేదు. వదినెకు ఫోను చేసి మొత్తం చెప్పాను. ఆఖరు దాకా విన్నది. తర్వాత "మీ అన్నకు చెప్పకు. గిది తెలిస్తె ఆయన మల్ల కలం పట్టడు. నాకిప్పుడు మంచిగనే ఉన్నది" అంది. నేను పోరాడాను. దస్తగీర్‌ను అడిగి ఆ మందు మళ్లీ తెచ్చుకొమ్మన్నాను. "దస్తగీర్‌ను అడిగితె సాయంత్రానికి ఆయనకు చేరుతది. రిజిస్టర్ల పని ఒడవనీ. తర్వాత తీసుకుంట" అంది. నాకు బాగైందని నీకు రాయమన్నది కూడా ఆమే. సరేనన్నది నేను.

దినాలకు వచ్చినప్పుడు నీ ఎదురుగా పదకొండు రోజులు కూర్చున్నాను. నోరు రాలేదు. వచ్చినా నీకు వినపడేలా అరవాలి కదా. అంతమంది మధ్య ఈ మాట అరిచి ఎట్లా చెప్పను?

నన్ను ఏమన్నా అను. అనకుండా మాత్రం ఉండకు.

రాజమణి

*

మొఘల్‌పురా
2 డిసెంబర్ 2024

రాజమణీ,

కవరు అందింది. రెండు వారాలు దాన్ని చూస్తూ కూర్చున్నాను. నీలం అక్షరాలు, నల్ల గీత. గీత చాలా చక్కగా ఉంది, నిటారుగా, ఎంత పొడుగుండాలో అంతే.

ఆ మాట నాకు తెలియదా అని అడిగావు. తెలుసు. కూరగాయల బండి దగ్గర, బస్సులో, ఈ గోడకు ఆ గోడకు మధ్య వేల సార్లు విన్నాను. బాద్ మే ఆనా, బాద్ మే దేఖేంగే. చెవితో తెలిసిన మాట. ఎనిమిదేళ్లుగా ఒక్కసారి కూడా చెవిన పడలేదు. కంటి ముందుకు తెలుగు అక్షరాల్లో వచ్చేసరికి పోల్చుకోలేకపోయాను. అది తెలుగే అనుకున్నాను, తప్పు తెలుగు అనుకున్నాను.

నిన్ను తిట్టమన్నావు. కూర్చుని తిట్టాను, రెండు పేజీలు. బాగా వచ్చింది. చింపేశాను. మీరిద్దరూ కలిసి నన్ను కాపాడాలనుకున్నారు. ఎవరు కాపాడమన్నారు నన్ను? కలం పట్టకపోతే ఏమయ్యేది, దేశానికి ఒక ముసలివాడి ఉత్తరాలు తగ్గేవి. ఇంతకంటే నిన్ను ఏమీ అనలేను. నువ్వు తినే అన్నం మీద నాకు కోపం లేదు. నువ్వు బతికి ఉన్నావు. మొదటి మందు, తర్వాత రెండోది, రెండూ పూర్తిగా వేసుకున్నావా? అది రాయి. లెక్కగా రాయి, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని. అమృతం గిమృతం అని రాయకు.

దస్తగీర్ దగ్గరికి పోయాను. ఆయనకు చెప్పకుండా ఉందామనుకున్నాను, కానీ చెప్పకుండా ఉండడం వల్ల ఏమవుతుందో చూశాం కదా. కవరు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. ముందు తన రాత పోల్చుకుని నవ్వాడు. తర్వాత గీత కనపడింది. నా చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాడు, దవాఖానాలో ఉన్నవాళ్లందరికీ వినపడి ఉంటుంది. "మైఁ ఉర్దూచ్ లిఖ్నా థా భాయ్. ఉర్దూల రాస్తె నువ్వు ఎవలతోనన్న చదివించుకుంటుంటివి. నాకెందుకీ తెలుగు? ఈ ఉమర్‌ల ఎందుకు నేర్చుకున్న?" నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "నువ్వు రాసింది కరెక్టే భాయ్. ఒక్క అక్షరం తప్పు లేదు" అన్నాను. అది ఆయనకు ఊరట కలిగించలేదు. కవరును బల్ల మీదుగా నా వైపు జరిపాడు, వెనక లైను పెరిగిపోతుంటే.

డాక్టర్ సాజిదా లోపలికి పిలిచింది. మాస్కు కిందికి లాగి, ఒక్కో మాట ఆగి ఆగి చెప్పింది. ఇది ఒంట్లో ఉన్నట్టు కొందరికి తెలియనే తెలియదట. ఒకే ఇంట్లో తిన్నవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలట. నాకేమీ లేదన్నాను. అందుకే చేయించుకోమంటున్నానంది. అర్థం కాలేదని చెప్పాను, మళ్లీ చెప్పింది. మళ్లీ అడిగాను. మూడోసారి కూడా విసుక్కోకుండా చెప్పింది. ఆగస్టులో కూడా అడిగి ఉంటే చెప్పేదే.

బడి రిజిస్టర్లు మొన్న ఇచ్చేశాను. ఆలస్యమైనందుకు హెడ్మాస్టర్ ఏమీ అనలేదు. విమల జిగురు రాసిన అట్టలు నేను రాసినవాటి కంటే సాఫీగా ఉన్నాయి, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. ఆయనకు తెలియలేదు.

ఈ పొద్దున ల్యాబుకు పోయాను. కిటికీ వెనక కొత్తమ్మాయి ఉంది. డబ్బా ఇచ్చాను. పేరు, వయసు, గల్లీ కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమె ఇంకో కాగితం మీద ‘ఇంట్లో ఎంతమంది?’ అని రాసి నా వైపు తిప్పింది. ‘ఇద్దరం’ అని రాశాను. ఆమె కంప్యూటర్‌లో రెండు అని కొట్టింది. రశీదు తీసుకుని ఇంటికొచ్చాను.

వైకుంఠం